పారశీక కవులు శాంతి మాట ఎవరితో అన్నారు?

సంక్షిప్తంగా: సాదీ, ఫిరదౌసి, రూమీ, హాఫిజ్‌ల శాంతి పద్యాలు ఇవాళ విడి సూక్తులుగా చలామణీ అవుతున్నాయి. అసలు రచనల్లో మాత్రం వాటిలో చాలా భాగం అధికారం చేతిలో ఉన్నవాడిని ఎదురుగా పెట్టుకుని చెప్పినవి. వాటి వెంట షరతులున్నాయి, హెచ్చరికలున్నాయి, విఫలమైన సంధుల కథలున్నాయి. ఆ సందర్భం తెలిస్తేనే పద్యం పదును తెలుస్తుంది.

ఇరాన్ పేరు వార్తల్లోకి ఎక్కిన ప్రతిసారీ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. అది యుద్ధాలు తప్ప మరేమీ ఎరగని ప్రాంతమని కొందరంటారు. ప్రేమ, శాంతి తప్ప మరేమీ పాడని కవుల దేశమని ఇంకొందరంటారు. రెండో మాటకు సాక్ష్యంగా సాదీ పద్యమో, రూమీ పేరుతో తిరిగే వాక్యమో వాట్సాప్‌లో వచ్చి పడుతుంది. ఆ కవిత్వాన్ని కాస్త దగ్గరగా చూస్తే రెండు మాటలూ నిలబడవు. పదో శతాబ్దం చివరి నుంచి పద్నాలుగో శతాబ్దం చివరి దాకా గజనవీలు, సెల్జూకులు, మంగోలులు, తైమూరు సైన్యాలు ఆ నేల మీద వరసగా నడిచాయి. ఆ కవులు శాంతిని తీరిగ్గా ఊహించుకోలేదు. పోగొట్టుకున్నదాని గురించో, రేపు పోతుందని భయపడినదాని గురించో రాశారు.

డమాస్కస్ మసీదుకు వచ్చిన రాజు

అందరికంటే ఎక్కువగా వినిపించేది సాదీ పద్యం. దాని భావం ఇది: ఆదాము సంతానమంతా ఒకే దేహంలోని అవయవాలు, ఒకే మూలం నుంచి పుట్టినవారు, కాలం ఒక అవయవాన్ని నొప్పిస్తే మిగతా అవయవాలకు స్థిమితం ఉండదు, పరుల కష్టానికి నొచ్చుకోని నీకు మనిషి అనే పేరు తగదు.

1258లో పూర్తయిన సాదీ నీతికథల పుస్తకం గులిస్తాన్‌లో ఈ పద్యం ఉంది. పుస్తకంలోని ఎనిమిది అధ్యాయాల్లో మొదటిది రాజుల నడవడి గురించి. అందులో పదో కథ చివర ఈ పద్యం వస్తుంది. డమాస్కస్ పెద్ద మసీదులో యహ్యా ప్రవక్త (బైబిల్‌లోని బాప్తిస్మమిచ్చే యోహాను) సమాధి దగ్గర సాదీ ధ్యానంలో ఉంటాడు. అన్యాయానికి పేరుపడ్డ ఒక అరబ్బు రాజు అక్కడికి వచ్చి, నమాజు చేసి, మొక్కుకుంటాడు. తర్వాత సాదీ వైపు తిరిగి, తనకు ఒక బలమైన శత్రువు వల్ల భయంగా ఉందని, దర్వేషుల (సూఫీ సాధువుల) దువాకు, అంటే ప్రార్థనకు, బలం ఎక్కువ కాబట్టి తన కోసం దువా చేయమని అడుగుతాడు.

సాదీ దువా చేయడు. బలహీనులైన ప్రజల మీద దయ చూపు, బలవంతుడైన శత్రువు వల్ల నీకు బాధ ఉండదు అంటాడు. ఆ వెంటనే వచ్చే పద్యాలు ఇంకా ఘాటుగా ఉంటాయి. కండబలంతో దిక్కులేనివాడి చెయ్యి విరిచేయడం తప్పు. చెడు విత్తి మంచి పంట ఆశించేవాడిది వట్టి భ్రమ. చెవిలో దూది తీసి జనానికి న్యాయం చెయ్యి. నువ్వు చెయ్యకపోతే న్యాయం జరిగే రోజు ఒకటుంది. వీటి తర్వాతే ఆదాము సంతానం పద్యం. అంటే ‘నీకు మనిషి అనే పేరు తగదు’ అన్నప్పుడు ఆ ‘నువ్వు’ ఎవరో కాదు, ఎదురుగా నిలబడ్డ రాజు.

ఈ పోలిక సాదీ పుట్టించింది కాదు. విశ్వాసులంతా ఒకే దేహం లాంటివారని, ఒక అవయవానికి నొప్పి కలిగితే దేహమంతా నిద్రలేక తపిస్తుందని ఒక ప్రసిద్ధ హదీసు (మహమ్మద్ ప్రవక్త మాటగా చెప్పుకునేది) చెబుతుంది. సాదీ చేసిన మార్పు చిన్నదిగా కనిపించినా పెద్దది. విశ్వాసుల స్థానంలో ఆదాము సంతానాన్ని పెట్టాడు. మతం గీసిన హద్దును దాటి మనిషి పుట్టుక దాకా వెళ్లాడు. దాన్ని ఒక ముస్లిం రాజు ముందు, ఒక మసీదులో, ఒక ప్రవక్త సమాధి పక్కన చెప్పినట్టు కథ కట్టాడు.

ఖజానాకూ కోటకూ ఉన్న లంకె

ప్రజల మీద దయకూ బయటి శత్రువుకూ ఏమిటి సంబంధం? దీనికి ఆ కాలపు రాజనీతిలో ఒక లెక్క ఉంది. సైన్యం లేనిదే రాజ్యం నిలవదు. సొమ్ము లేనిదే సైన్యం ఉండదు. సాగు లేనిదే సొమ్ము రాదు. న్యాయం లేని చోట సాగు సాగదు. ఇస్లాంకు ముందున్న ససానియన్ రాజుల కాలం నాటిదిగా చెప్పుకునే ఈ ఆలోచన పారశీక కవులకు కరతలామలకం. పన్నుల బాధ పెరిగితే రైతు ఊరు వదిలి పక్క రాజ్యానికి పోతాడు. భూమికి కొదవ లేదు, దున్నేవాడికే కొదవ ఉన్న కాలం అది.

గులిస్తాన్ మొదటి అధ్యాయంలోనే ఆరో కథ దీన్ని విడమరిచి చూపిస్తుంది. ఒక రాజు ప్రజల సొత్తు లాక్కుంటూ బాధిస్తుంటే జనం వలస పోతారు. రాబడి తగ్గుతుంది, ఖజానా ఖాళీ అవుతుంది, శత్రువులు మీదికొస్తారు. ఒక రోజు కొలువులో ఫిరదౌసి రాసిన రాజుల గాథల కావ్యం షాహ్‌నామా చదువుతుంటారు. క్రూర రాజు జహ్హాక్ పతనం, ఫరీదూన్ పట్టాభిషేకం ఘట్టం. మంత్రి అడుగుతాడు: ఫరీదూన్‌కు ధనం లేదు, పరివారం లేదు, మరి రాజ్యం ఎలా వచ్చింది? జనం అభిమానంతో అతని చుట్టూ చేరి బలమిచ్చారని రాజు జవాబిస్తాడు. మరి జనం చేరడమే రాజ్యానికి మూలమైతే నువ్వు వాళ్లను ఎందుకు చెదరగొడుతున్నావు అని మంత్రి నిలదీస్తాడు. ఆ సలహా రాజుకు రుచించదు. మంత్రిని చెరసాలకు పంపుతాడు. కొద్ది రోజులకే రాజు పినతండ్రి కొడుకులు తిరగబడతారు. విసిగిపోయిన జనం వాళ్ల వెంట నడుస్తారు. రాజ్యం చేజారుతుంది.

సాదీకి ముందే, పన్నెండో శతాబ్దంలో, గంజా నగరపు కవి నిజామీ ఇదే సంగతిని గుడ్లగూబల చేత చెప్పించాడు. నౌషీర్వాన్ రాజు వేటకు వెళ్లి మంత్రితో కలిసి ఒక పాడుపడ్డ ఊరు చేరతాడు. అక్కడ రెండు పక్షులు ఏదో మాట్లాడుకుంటున్నాయి. మంత్రి వాటి సంభాషణను వివరిస్తాడు. ఒకటి తన కూతుర్ని రెండోదానికి ఇస్తోంది; బదులుగా ఈ పాడు ఊరితో పాటు మరికొన్ని పాడు ఊళ్లు అడుగుతోంది. దానికేం భాగ్యం, ఈ రాజు ఇలాగే ఉంటే లక్ష పాడు ఊళ్లు ఇస్తానని రెండోది మాట ఇస్తోంది. ఊరు పాడుపడటానికి ఇక్కడ పరాయి సైన్యం రానక్కర్లేదు. యుద్ధం లేకపోయినా శాంతి లేని స్థితి ఒకటుందని నిజామీ ఇంత స్పష్టంగా చూపించాడు.

బంగారంతో కట్టిన గోడ

సాదీని యుద్ధాన్నే నిరాకరించిన శాంతివాదిగా చూపించడం ఇంకో పొరపాటు. 1257 నాటి ఆయన కావ్యం బోస్తాన్‌లో ఆయన మాట సూటిగానే ఉంటుంది. నీకు ఏనుగు బలమున్నా, సింహం పంజా ఉన్నా, యుద్ధం కంటే సంధి మేలు. ఉపాయంతో పని జరిగినన్నాళ్లూ శత్రువుతో మెతకగా పోవడమే మంచిది. అయితే అదే చోట, అన్ని ఉపాయాలూ అయిపోయినప్పుడు కత్తి మీద చెయ్యి వేయడం న్యాయమేనని కూడా అంటాడు. శత్రువు సంధి కోరితే మొహం తిప్పుకోకు, యుద్ధం కోరితే కళ్లెం తిప్పుకోకు అన్నది దీని కొనసాగింపు.

ఈ వరస ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే సాదీ ఊరు షిరాజ్ పరిస్థితి చూడాలి. 1258 ఫిబ్రవరిలో మంగోలు పాలకుడు హులాగూ సైన్యం బాగ్దాద్‌ను నేలమట్టం చేసి, చివరి అబ్బాసీ ఖలీఫా ముస్తాసింను చంపింది. సాదీ ఆ విషాదం మీద అరబ్బీలోనూ పారశీకంలోనూ శోకగీతాలు రాశాడు. షిరాజ్ మాత్రం కాలిపోలేదు. షిరాజ్ ఉన్న ఫార్స్ ప్రాంతాన్ని ఏలుతున్న అబూబకర్ బిన్ సాద్ మంగోలులకు లొంగి కప్పం కట్టాడు. సాదీ దాన్ని దాచలేదు, బోస్తాన్‌లో పొగిడాడు కూడా: సికందర్ (అలెగ్జాండర్) యాజూజ్‌లనే విధ్వంసక జాతిని ఆపడానికి లోహంతో గోడ కట్టాడు, నీ గోడ బంగారంతో కట్టింది.

ఈ వాక్యం సాదీ శాంతి భావనకు తాళంచెవి లాంటిది. శాంతికి ధర ఉంటుంది, దాన్ని ఎవరో ఒకరు చెల్లిస్తారు, చెల్లించడం పరువు తక్కువ కాదు. ఆ బంగారం చివరికి రైతు ఇంటి నుంచే రావాలి గనుక ప్రజల మీద దయ గురించి అంత పట్టుబట్టడం కూడా అర్థమవుతుంది. ఏర్పాటు ఎంత బలహీనమో తర్వాత తేలింది. 1260లో అబూబకర్ చనిపోయాడు. కొన్నేళ్లకే అదే వంశపు వారసుడొకడు మంగోలు అధికారులను చంపించాడు. మంగోలు సైన్యం ఫార్స్ మీదికి వచ్చింది.

గులిస్తాన్ తొలి కథను కూడా ఈ వెలుగులోనే చదవాలి. మరణశిక్ష పడ్డ బందీ తన భాషలో రాజును తిడతాడు. ఏమంటున్నాడని రాజు అడిగితే, కోపాన్ని దిగమింగి క్షమించేవారి గురించి చెబుతున్నాడని ఒక మంత్రి అంటాడు. రాజు మనసు కరుగుతుంది. ఇంకో మంత్రి లేచి అసలు సంగతి బయటపెడతాడు. కలహం రేపే నిజం కంటే మేలు చేసే అబద్ధమే నయమని రాజు మొదటివాడి మాటనే ఉంచుతాడు. నీతిబోధగా ఇది చాలామందిని ఇబ్బంది పెట్టింది. కానీ ఒక్క మాటతో తల తెగిపోయే కొలువులో ప్రాణం కాపాడటం ఎలాగన్నది అక్కడి ప్రశ్న.

సంధి కోరినవాళ్లకు ఏమైంది

గుర్రం జాషువా కావ్యం పుణ్యమా అని తెలుగు పాఠకులకు ఫిరదౌసి బాగా తెలుసు. అయితే గజనీ సుల్తాను చేతిలో మోసపోయిన కవిగా తెలుసు గానీ, ఆయన షాహ్‌నామాలో ఏముందో తెలిసింది తక్కువ. 1010లో ముగిసిన ఈ మహాకావ్యంలో దాదాపు 50,000 ద్విపదలున్నాయి. పైకి చూస్తే అంతా యుద్ధమే. కానీ ఆ యుద్ధాల్లో చాలావాటికి మూలం ఒక సంధి ప్రయత్నం హత్యతో ముగియడం.

ఫరీదూన్ తన రాజ్యాన్ని ముగ్గురు కొడుకులకు పంచుతాడు. పడమర సల్మ్‌కు, తూరాన్, చైనా తూర్‌కు, ఇరాన్ చిన్నవాడు ఇరజ్‌కు దక్కుతాయి. అన్నలిద్దరికీ కన్ను కుడుతుంది. ఇరజ్ సైన్యం లేకుండా వాళ్ల దగ్గరికి వెళ్తాడు. నాకు ఇరానూ వద్దు, కిరీటమూ వద్దు, మీరే తీసుకోండి అంటాడు. ఆ మాటకు తూర్ ఇంకా రెచ్చిపోయి, కూర్చున్న బంగారు పీఠం ఎత్తి తమ్ముడి తల మీద కొడతాడు. నన్ను చంపి హంతకుడివి కాకు, లోకంలో ఏదో ఒక మూల కష్టపడి బతుకుతాను అని ఇరజ్ బతిమాలతాడు. గింజ మోసుకుపోయే చీమను కూడా బాధించకు, దానికీ ప్రాణముంది, ప్రాణం ఎవరికైనా తీపే అన్న పద్యం ఇక్కడిదే. తర్వాత సాదీ దీన్ని ఫిరదౌసి పేరు చెప్పి మరీ బోస్తాన్‌లో పెట్టుకున్నాడు. సూక్తిగా చదివితే అది భూతదయ. కథలో అది అన్న చేతిలో కత్తి చూస్తున్న తమ్ముడి ఆఖరి మాట. ఆ మాట పనిచేయలేదు.

సియావుష్ కథ ఇంకా చిక్కుముడి. తూరాన్ రాజు అఫ్రాసియాబ్ సంధి కోరితే ఇరాన్ యువరాజు సియావుష్, వీరుడు రుస్తుం ఒప్పుకుంటారు. అతని బంధువుల్లో వందమందిని జామీనుగా పంపాలని, ఆక్రమించిన పట్టణాలు ఖాళీ చేయాలని షరతులు పెడతారు. అవన్నీ నెరవేరతాయి. కానీ సియావుష్ తండ్రి, ఇరాన్ రాజు కైకావూస్ మాత్రం సంధి తెంచెయ్యి, ఆ వందమందినీ తలలు నరకడానికి నా దగ్గరికి పంపు అని ఆజ్ఞ పంపుతాడు. సియావుష్ ఇచ్చిన మాట తప్పడు. బందీలను వెనక్కి పంపి, రాజ్యం వదిలి, శత్రువు దేశంలోనే తలదాచుకుంటాడు. చివరికి అక్కడే చాడీలకు బలై చనిపోతాడు. శాంతిని చెడగొట్టింది శత్రువు కాదు, సొంత సింహాసనం. జాతి గర్వానికి ప్రతీకగా చూపే కావ్యంలో ఫిరదౌసి ఈ మాట చెప్పాడని గమనించాలి.

తెలుగువారికి ఇక్కడ ఉద్యోగపర్వం గుర్తుకు రావడం సహజం. సాదీకి సమకాలికుడైన తిక్కన కూడా రాయబారం ఘట్టాన్ని విస్తారంగా నడిపాడు. పోలిక కొంతవరకే కుదురుతుంది. పాండవులు ఐదూళ్లడిగారు, ఇరజ్ ఉన్నదంతా ఇచ్చేస్తానన్నాడు. రెండు చోట్లా విఫలమైన సంధి తర్వాతి యుద్ధానికి న్యాయం సమకూరుస్తుంది. తేడా ముగింపులో ఉంది. సియావుష్ కొడుకు కైఖుస్రో ప్రతీకారం తీర్చుకుని గెలిచాక, ఈ అధికారం తనను కూడా జహ్హాక్ లాంటివాడిగా మారుస్తుందేమోనని భయపడి సింహాసనం వదిలేసి మంచుకొండల్లో మాయమవుతాడు.

కలహం పుట్టే చోటు

రూమీ దగ్గరికి వచ్చేసరికి ప్రశ్న మారుతుంది. రాజు ఏం చేయాలి అనేదాని కంటే మనుషులు ఎందుకు కొట్లాడుకుంటారు అన్నదే ఆయన ఆరా. ఆయన సుదీర్ఘ కావ్యం మస్నవీ రెండో సంపుటంలో పారశీకుడు, అరబ్బు, తురుష్కుడు, గ్రీకు నలుగురికీ కలిపి ఒక నాణెం దొరుకుతుంది. ఒకడు అంగూర్ కొందామంటాడు, ఒకడు ఇనబ్, ఒకడు ఉజుమ్, ఒకడు ఇస్తాఫీల్ అంటాడు. పిడిగుద్దులకు దిగుతారు. నలుగురూ అడిగింది ద్రాక్షపళ్లే.

ఈ కథను బడి పిల్లల నీతికథగా కుదించడం సులువు. రూమీ అక్కడ ఆగలేదు. ఆ నాలుగు భాషలూ తెలిసిన పెద్ద ఒకడుంటే వాళ్లకు రాజీ కుదిర్చేవాడంటాడు. ఆ పెద్ద ఆయన దృష్టిలో ఆధ్యాత్మిక గురువు. సదుద్దేశం ఒక్కటే చాలదు, మొత్తం తెలిసినవాడు మధ్యలో ఉండాలన్నది ఆయన వాదన. మొదటి సంపుటంలో ఇంకా లోతుకు వెళ్తాడు: రంగు లేనిది రంగులో చిక్కుకుంటే మూసాకు (మోషేకు) మూసాతోనే యుద్ధం, తిరిగి రంగు లేని చోటికి చేరితే మూసా, ఫరో కూడా స్నేహితులే.

రూమీ లోకం పట్టని యోగి అనుకోవడం కూడా సరికాదు. బల్ఖ్ వైపు నుంచి వలస వచ్చిన కుటుంబం ఆయనది. 1220ల మొదట్లో ఆ నగరాన్ని మంగోలులు ధ్వంసం చేశారు. ఆయన స్థిరపడిన కొన్యా (నేటి టర్కీలోనిది) కూడా మంగోలుల చేతిలో 1243 ఓటమి తర్వాత వాళ్ల చెప్పుచేతల్లోకి వెళ్లింది. అక్కడి శక్తిమంతుడైన మంత్రి ముయీనుద్దీన్ పర్వానే ఆయన శ్రోత. రూమీ మాటల సంకలనం ‘ఫీహి మా ఫీహి’లో ఆ మంత్రితో, నువ్వు తాతారులతో (మంగోలులతో) చేతులు కలిపి సిరియన్లను, ఈజిప్షియన్లను నాశనం చేయడానికి సాయపడుతున్నావని మొహం మీదే అంటాడు. డమాస్కస్ మసీదులో సాదీ మాట్లాడిన తీరుకు ఇది దగ్గరి చుట్టం.

హాఫిజ్ నాటి షిరాజ్‌లో పెత్తనం తరచూ చేతులు మారింది. 1353లో నగరం పట్టుకున్న ముబారిజుద్దీన్ మతం పేరుతో పానశాలలు మూయించాడు. 1358లో కొడుకే అతని కళ్లు పొడిపించాడు. హాఫిజ్ గజళ్లలో శాంతి ఈ నిఘా మధ్య ఊపిరి పీల్చుకునే చోటు. డెబ్బై రెండు మతశాఖల యుద్ధాన్ని మన్నించు, సత్యం కనబడక కట్టుకథల దారి పట్టారు అన్నది మతపెద్దలకు తగిలే మాట. మిత్రులతో ఔదార్యం, శత్రువులతో ఓర్పు అన్న మాట ఇంకొంచెం ఆచరణకు దగ్గర. శత్రువును ప్రేమించమని ఆయన అడగలేదు.

అదే భాషలో యుద్ధ స్తోత్రాలు

ఈ కవులను మాత్రమే చదివితే చిత్రం సగమే కనిపిస్తుంది. గజనీ మహమూద్ కొలువులో ఫర్రుఖీ, ఉన్సురీ అతని దండయాత్రలను కీర్తించి బతికారు. 1025-26 సోమనాథ్ దాడి మీద ఫర్రుఖీ ఖసీదా (స్తుతి పద్యం) ఆ భాషలో పేరున్న రచనల్లో ఒకటి. సాదీ కూడా మినహాయింపు కాదు. బోస్తాన్‌లో తాను సోమనాథ్ ఆలయంలో పూజారి మోసం కనిపెట్టి అతన్ని బావిలో తోసేశానని ఒక కథ చెప్పాడు. పండితులు దాన్ని కల్పితంగానే చూస్తారు. కల్పితమైనా అందులోని పరమత ద్వేషం మాత్రం నిజమే. తోడేలు పిల్ల మనుషుల మధ్య పెరిగినా చివరికి తోడేలే అవుతుందన్న పద్యమూ గులిస్తాన్‌దే, అదీ ఆదాము సంతానం పద్యమున్న అధ్యాయంలోనే. ఒకే కవిలో ఈ రెండూ ఉన్నాయని ఒప్పుకోకుండా అతన్ని మానవతావాదిగా నిలబెట్టడం నిజాయితీ అనిపించుకోదు.

హిందుస్థాన్‌లో, దక్కన్‌లో

ఈ పద్యాలు పాలనలోకి ఎలా దిగాయో చూడటానికి అక్బర్ కొలువు మంచి ఉదాహరణ. ఆయనకు చదివి వినిపించే పుస్తకాల్లో గులిస్తాన్, బోస్తాన్, మస్నవీ, షాహ్‌నామా ఉండేవని ఆయన ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ రాశాడు. అందరితో సామరస్యం అనే సుల్హ్-ఎ-కుల్ విధానానికి అలాంటి చదువే నేపథ్యం. షిరాజ్ నుంచి వచ్చి 1591లో లాహోర్‌లో చనిపోయిన కవి ఉర్ఫీ ఆ వాతావరణాన్ని ఒక్క పద్యంలో పట్టుకున్నాడు: మంచీ చెడూ అందరితో ఎలా మెలగాలంటే, నువ్వు పోయాక ముస్లిం నిన్ను మక్కాలోని పవిత్ర జంజం నీళ్లతో కడగాలి, హిందువు దహనం చేయాలి. ఆ విధానం కూడా యుద్ధాన్ని మానలేదు. 1564లో ముస్లిమేతరుల మీది జిజియా పన్ను ఎత్తేసిన అక్బరే 1568లో చిత్తోడ్‌లో ఊచకోత జరిపించాడు. సామరస్యం సామ్రాజ్యం లోపలి వారికి, అదీ లొంగిన తర్వాత.

దక్కన్‌కు ఈ కవిత్వం అంతకు ముందే చేరింది. బహమనీ సుల్తాన్ రెండో మహమ్మద్ షా హాఫిజ్‌ను గుల్బర్గాకు ఆహ్వానించాడని, కవి హోర్ముజ్ దాకా వచ్చి తుఫాను చూసి వెనుదిరిగాడని ఫిరిష్తా చరిత్ర చెబుతుంది. గోల్కొండలో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హాఫిజ్ గజళ్లను దక్కనీలోకి తెచ్చాడు. హైదరాబాద్ రాజ్యంలో 1880ల్లో ఉర్దూ ఆ స్థానంలోకి వచ్చే దాకా పారశీకమే పాలనా భాష. అది నేర్చుకునేవారికి గులిస్తాన్ తొలి పాఠాల్లో ఒకటి.

ఇప్పటి వాడకం

ఇవాళ ఈ పద్యాల్లో ఎక్కువగా కనిపించేది సాదీదే. 2009 నౌరోజ్ (పారశీక కొత్త సంవత్సరం) సందేశంలో అమెరికా అధ్యక్షుడు ఒబామా దీన్ని ఇరాన్ ప్రజలకూ నాయకులకూ వినిపించాడు. మరుసటి ఏడాది ఇరాన్ తన 1,00,000 రియాల్ నోటు మీద అచ్చువేసింది. ఐక్యరాజ్యసమితి ద్వారం మీద చెక్కారన్న ప్రచారం మాత్రం సరికాదు. అక్కడున్నది ఇరాన్ కానుకగా ఇచ్చిన తివాచీ మీది పద్యం. రూమీ విషయంలో గందరగోళం ఇంకా ఎక్కువ. ‘రా, నువ్వెవరివైనా సరే రా’ అంటూ ఆయన పేరుతో తిరిగే రుబాయీ (నాలుగు పాదాల పద్యం) అంతకు రెండు శతాబ్దాల ముందు జీవించిన అబూ సయీద్ అబుల్ ఖైర్ పేరుతో కూడా ప్రచారంలో ఉంది. రూమీది కాదని పండితులు చాలాకాలంగా చెబుతున్నారు.

ఒబామా చదివింది పద్యంలో మొదటి రెండు పాదాలే, అంటే అవయవాలు, ఒకే మూలం అన్న భాగం. ఒక ప్రభుత్వం ఇంకో ప్రభుత్వంతో ఇబ్బంది లేకుండా పంచుకోగలిగింది ఆ భాగాన్నే. ‘నీకు మనిషి అనే పేరు తగదు’ అన్న పాదం గానీ, దానికి ముందున్న చెవిలో దూది మాట గానీ దౌత్య వేదికల మీద వినపడవు. సాదీ వాటిని దువా అడగడానికి వచ్చిన రాజుతోనే అన్నాడు.